పగిలిన అద్దం, లేని రాయి

బీమా మేనేజరుగారికి,

దేవుని కృప మీకు తోడుండుగాక! నా కారు ముందద్దం పగిలింది. "రాయి తగిలిందని రాసెయ్ బావా, రేపే కొత్తది వేయిస్తా" అని మీ ఏజెంటు, అంటే నా బావమరిది, చెవిలో జోరీగలా పోరుతున్నాడు. అయ్యా, రాయీ లేదు, రప్పా లేదు. వీధి మలుపులో కారు పక్కన నిలబడి, అబద్ధసాక్ష్యం పాపమని ప్రసంగిస్తూ, ఆవేశంలో ఇత్తడి మూలలున్న పరిశుద్ధ గ్రంథంతో అద్దం మీద నేనే కొట్టాను. పగలగొట్టాలని కొట్టలేదు గనుక అది ప్రమాదమే. పాలసీ వర్తించి తీరుతుంది. ఆదివారం నడవలేని ముసలమ్మలను ప్రార్థనకు తీసుకురావాలి, వెంటనే మంజూరు చేయండి. చేయకపోతే మొహానికి తువ్వాలు చుట్టుకుని ఎదురుగాలిలోనే నడుపుతాను గానీ, లేని రాయిని మాత్రం విసరను.

ఇట్లు,
మీ పాలసీదారుడైన వీధి ప్రసంగీకుడు