జవహర్‌నగర్ చెత్తలో దొరికిన నవల

మేడ్చల్,
ఆగస్టు 2003

రోజక్కకు,

ఇంట్లో అందరూ బాగున్నారనుకుంటాను. మొన్న బావ తెచ్చిచ్చిన పాత డిటెక్టివ్ నవల గురించి రాస్తున్నాను. "జవహర్‌నగర్ చెత్తల దొరికింది బామ్మర్దీ, అరవైల నాటిది, గిసొంటిది మల్ల దొర్కది" అన్నాడు. పాత పుస్తకాలంటే నాకున్న పిచ్చి నీకు తెలుసుగా, మురిసిపోయి అడిగినంతా ఇచ్చాను.

ఇప్పుడు అనుమానంగా ఉంది. ఆ కుప్పలో దొరికిన పుస్తకాలు నా దగ్గర చాలా ఉన్నాయి. ఎంత ఎండబెట్టినా వాటి కంపు పోదు. దీనికి ఆ కంపే లేదు. అద్దె లైబ్రరీలో తిరిగిన నవలైతే, ముందు చదివిన మహానుభావుడెవడో మొదటి పేజీలోనే హంతకుడి పేరు రాసిపెట్టేవాడు. దీంట్లో ఒక్క గీత లేదు. పాత కాగితం అంచుల నుంచి పండుతుంది, ఇది నడిమధ్యలో కూడా అదే రంగు.

ఎవరో చాయ్‌లో ముంచి ఆరబెట్టారు. ముక్కు దగ్గర పెట్టుకుంటే సోంపు వాసన వస్తోంది. మన చుట్టాల్లో చాయ్‌లో సోంపు వేసేది నువ్వొక్కదానివే.

నిన్ను అనడం లేదక్కా. ఆదివారం దేవరయాంజాల్, మీ ఇంటికి వస్తున్నాను. బావకు చెప్పకు. నాకు చాయ్ పెట్టు, ఒక్క గుక్క చాలు.

నీ తమ్ముడు