బ్రేకు తొక్కని మలుపు

డెబ్బై రెండేళ్లు నిండిన నేను, రేసు కార్ల మేస్త్రీని, ట్రాకు చుట్టుపక్కల అందరూ ‘పానా’ అని పిలిచే మనిషిని, స్వస్థచిత్తంతో, ఎవరి ఒత్తిడీ ప్రలోభమూ లేకుండా, నా వర్క్‌షాపులో నా బల్ల ముందు కూర్చుని, ఇష్టపూర్వకంగా నా చేత్తోనే రాస్తున్న ఆఖరి వీలునామా ఇది. గుండె నీరసించిందని ట్రాకు డాక్టరమ్మ చెప్పింది. మతి మాత్రం నిక్షేపంగా ఉందని కాగితం రాసిచ్చింది. దాన్ని దీనికి జతచేశాను. కోపం కూడా నిక్షేపంగానే ఉందని నేను చేరుస్తున్నాను. ఇంతకుముందు రాసిన వీలునామా దీనితో రద్దయినట్లే. అందులో అబద్ధమేమీ లేదు గానీ, చెప్పాల్సింది కూడా లేదు.

1. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత మా లాయరుగారిది. వీలునామాలో ఆస్తులుండాలి గానీ కథలుండకూడదని ఆయన అభిప్రాయం. నా దగ్గర ఆస్తి తక్కువ, కథ ఎక్కువ. ఆయన సర్దుకోవాలని మనవి.

2. రెండు షెడ్లు, వెనక గది, లేత్ మిషను, కంప్రెసరు, గోడకు తగిలించిన పానాల సెట్టు సహా నా స్వార్జితమైన వర్క్‌షాపును నా ఒక్కగానొక్క కూతురికి ఇస్తున్నాను. నా అనంతరం ఆమె దాన్ని సర్వహక్కులతో అనుభవించవచ్చు.

రెండో షెడ్డులో నా కార్బరేటర్ల బల్ల తీసేసి బ్యాటరీ కార్లకు ఛార్జింగు పెట్టించిన రోజున అమ్మాయితో మాట మానేశాను. వారం గడిచింది. ఎనిమిదో రోజున ఆమె తయారుచేసిన కారు స్టార్టు లైను నుంచి నా కళ్ల ముందే దూసుకుపోయింది. మాట్లాడక తప్పలేదు. మా వయసువాళ్లు ఆ కార్లను కుట్టుమిషన్లు అంటారు. తోలు టోపీలు పోయి హెల్మెట్లు వచ్చినప్పుడు వాటిని కుండలన్నదీ వీళ్లే. సీటు బెల్టు వచ్చినప్పుడు, ‘కట్టేసి కూర్చోబెట్టడానికి ఇది రేసా, పిచ్చాసుపత్రా’ అన్నదీ వీళ్లే. ఆ గుంపులో నా గొంతే పెద్దది. ప్రతిసారీ ఇక రేసు చచ్చిందన్నాం. మళ్లీ ఆదివారం వచ్చేసరికి ముందు వరసలో కూర్చున్నాం.

వర్క్‌షాపుకు ఒక్కటే షరతు. కారు దేనితో నడిచినా సరే, ట్రాకెక్కే ముందు నాలుగు చక్రాల నట్లనూ డ్రైవరు తన చేత్తో తడిమి చూసుకోవాలి. అంతా బాగుందని మిషను చెప్పిందంటే కుదరదు. ఇది మా గురువు నాకు నేర్పిన పద్ధతి. దీన్ని మార్చడానికి మాత్రం నేను ఒప్పుకోను.

3. పదకొండేళ్ల కిందట ‘ఇప్పుడే తెచ్చిస్తా’ అని టైర్ల షాపాయన పట్టుకెళ్లిన నా పెద్ద జాకీని ఆయనకే ఇస్తున్నాను. నేను అటు వెళ్లినప్పుడల్లా దాని మీద గోనెపట్టా కప్పే శ్రమ ఇక ఆయనకు అక్కర్లేదు.

4. నా భార్య పోయి ఆరేళ్లయింది. ముప్పై ఏళ్లు ఈ ట్రాకులో టైము చూసింది ఆమే. ఆమె స్టాప్‌వాచీని, ల్యాపుల టైములు రాసిపెట్టిన పదిహేడు నోటుపుస్తకాలను నా మనవరాలికి ఇస్తున్నాను. ఆ పిల్ల ఈ ఏడు మొదటిసారి పెద్ద రేసులో నడపబోతోంది. వాచీ ముల్లు అప్పుడప్పుడు మొండికేస్తుంది. అమ్మమ్మలాగే వెనక నుంచి మెల్లగా రెండుసార్లు తట్టాలి, గట్టిగా కాదు. పుస్తకాల్లో తొమ్మిదోదాన్ని అన్నిటికన్నా ముందు చదవాలి. ఎందుకో ఆరో అంశంలో ఉంది.

5. నలభై మూడేళ్ల కిందట మా ట్రాకు మీద ఒక రేసు సినిమా తీశారు. దాని రీళ్లు నా దగ్గరున్నాయి. వాటిని నా కూతురికి ఇస్తున్నాను.

ఆ సినిమాలో కథానాయకుడికి గేరు మార్చడం రాదు. అతని హెల్మెట్టు పెట్టుకుని కారు నడిపింది నేను. బయట ఆ సినిమా మూడు వారాలే ఆడింది గానీ మా ట్రాకులో ఇప్పటికీ ఆడుతోంది. ఏటా సీజన్ మొదలయ్యే ఆదివారం పొద్దున వర్క్‌షాపు కిటికీలకు దుప్పట్లు కట్టి, సున్నం వేసిన గోడ మీద వేస్తాం. మూడో మలుపు రాగానే అందరూ లేచి నిలబడతారు. తెర మీద కారు గాలిలా వస్తుంది, వెనక బ్రేకు దీపం వెలగనే వెలగదు, అదే ఊపులో మలుపు తిరిగి మాయమవుతుంది. ఆ మలుపుకు నా పేరే పెట్టారు. సినిమా అయ్యాక, ఆ ఏడు కొత్తగా దిగే డ్రైవరు కుడి బూటు మీద నా తమ్ముడు సుద్దముక్కతో ఒక గీత గీస్తాడు. యాక్సిలరేటరు మీద నుంచి ఆ కాలు ఎత్తకుండా మూడో మలుపు దాటితేనే మన డ్రైవరు అని దాని అర్థం.

చూసిన సినిమానే మళ్లీ చూడటమేమిటని కొందరు అడుగుతారు. మొదటి పదేళ్లూ నేను నన్నే చూసుకున్నాను. తర్వాత కారును చూశాను. క్లచ్చు ఎంత మోటుగా వదిలానో కనబడి సిగ్గేసింది. భార్య పోయాక ఆమెను చూస్తున్నాను. యాభై రెండో నిమిషంలో, టైము గది కిటికీలో, తలకు చుక్కల గుడ్డ కట్టుకుని రెండు సెకన్లు కనబడుతుంది. వాచీ వంక చూస్తూ ఉంటుంది, నా వంక కాదు. అమ్మాయీ, ఆ రెండు సెకన్లు నీవి. మనసు బాగాలేనప్పుడు వేసుకుని చూడు.

పోయిన ఏడు మనవరాలు ఆ సినిమాను శుభ్రం చేయించి కొత్త కాపీ తెచ్చింది. బొమ్మ అంత స్పష్టంగా మేమెప్పుడూ చూడలేదు. మూడో మలుపు దగ్గర అందరూ లేచారు, తను మాత్రం కూర్చునే ఉంది. ‘తాతయ్యా, కంచె అవతల జనం చప్పట్లేంటి అంత గబగబా కొడుతున్నారు?’ అని అడిగింది. పాత సినిమాలు అలాగే ఉంటాయమ్మా అన్నాను. ఆ పిల్లకు నేను చెప్పిన మొదటి అబద్ధం అది.

6. నిజం ఇది. మూడో మలుపును బ్రేకు తొక్కకుండా నేను ఎన్నడూ తిరగలేదు. ఎవరూ తిరగలేరు, బూటు మీద గీత పెట్టించుకున్నవాళ్లంతా చివర్లో కాస్త కాలెత్తి పైకి చెప్పనివాళ్లే. షూటింగు రోజున రెండుసార్లు తొక్కాను. సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలు తీయాల్సిన చోట కెమెరా ఆయన పదహారే తీశాడు. అలా తీసినదాన్ని మామూలుగా వేస్తే తెర మీద కారు పరుగు ఒకటిన్నర రెట్లవుతుంది, జనం చప్పట్లు కూడా. ఎర్ర దీపం వెలిగితే పస ఉండదని దర్శకుడు అంటే, దాని మీద నల్ల టేపు అంటించింది నేనే. ఆ రోజు అసలు టైము ఎంతో నా భార్య రాసిపెట్టింది: తొమ్మిదో పుస్తకం, నలభయ్యో పేజీ.

సినిమా వచ్చాక కుర్రాళ్లు వచ్చి, ‘నిజంగా కాలెత్తలేదా మేస్త్రీ?’ అని అడిగేవాళ్లు. నవ్వి ఊరుకున్నాను. కాదని చెప్పడానికి అరనిమిషం పట్టేది. కాలెత్తని మేస్త్రీ చేతనే ఇంజను చేయించుకోవాలని ఎక్కడెక్కడి నుంచో కార్లు వచ్చాయి. మొదటి షెడ్డుకు రెండో షెడ్డు అలా కలిసింది.

రెండేళ్ల తర్వాత నా తమ్ముడు కాలెత్తకుండా మూడో మలుపులోకి వెళ్లి గోడకు కొట్టుకున్నాడు. అతని కుడి మోకాలు అప్పటి నుంచి వంగదు. ఆసుపత్రిలో కళ్లు తెరిచి నాతో అన్న మొదటి మాట, ‘తప్పు నాదే అన్నా. చివర్లో భయమేసి కాలెత్తేశాను. నువ్వయితే ఎత్తేవాడివి కాదు.’ నేను అతని చెయ్యి పట్టుకుని, తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. నలభై ఒక్క ఏళ్లుగా తాను పిరికివాడినని అతను నమ్ముతున్నాడు. ఆ రోజు కాలెత్తి ఉండకపోతే అతను బతికేవాడు కాదు.

చెప్పమని నా భార్య ఎన్నిసార్లు అందో లెక్కలేదు. ‘మీ తమ్ముడికి మీరే చెప్పాలి. నేను చెబితే అది చాడీ అవుతుంది’ అనేది. రేపు చెబుతాననేవాణ్ణి. ఆమె పోయే ముందు వారం కూడా అదే అన్నాను. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సయించదు.

7. ట్రాకు సంఘంలో నా వాటాను, దానితోపాటు వచ్చే ఓటును నా కూతురికి ఇస్తున్నాను. మూడో మలుపు దగ్గర గోడను వెనక్కి జరిపి ఇసుక పోయాలని, మలుపుకు ముందే ఒక వంపు పెట్టి వేగం తగ్గించాలని ఆమె నాలుగేళ్లుగా అడుగుతోంది. సంఘానికి అధ్యక్షుడు నా తమ్ముడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. ‘అది మా అన్న తిరిగిన మలుపు. ఎవరైనా దాన్ని ముట్టుకుంటే ఊరుకునేది లేదు’ అంటాడు. అమ్మాయి అడిగిన నాలుగుసార్లూ నేను అతని పక్షానే చెయ్యెత్తాను. సంప్రదాయం పేరుతో మేం కాపాడుతున్నది ఒక నల్ల టేపు ముక్కనని ఆ గదిలో నాకొక్కడికే తెలుసు.

సినిమాను మాత్రం ఆపకూడదు. ఒక్క బొమ్మ కత్తిరించకూడదు, వేగం సరిచేయకూడదు. ఏటా వేయండి. మలుపు దగ్గర లేచి నిలబడి ఆ కెమెరా ఆయన పనితనానికి చప్పట్లు కొట్టండి, మంచి పనివాడు. అయితే వేసే ముందు ఆరో అంశం పైకి చదవాలి. బూటు మీద గీత ఇక వద్దు.

8. ఇంతవరకూ రాసి నిన్న పెన్ను మూశాను. నేను పోయాక లాయరుగారు కవరు విప్పుతారు, అందరూ ఒకసారి ముక్కున వేలేసుకుంటారు. చచ్చినవాడి కళ్లు చారెడు కదా, పోనీలే పాపం అనేస్తారు. నాకు చాలా హాయిగా అనిపించింది.

అంతలో మనవరాలు వచ్చింది, కొత్త బూట్లు చూపించడానికి. కుడి బూటు తీసి సరిగ్గా ఈ కాగితాల మీదే పెట్టి, ‘చిన్నతాతయ్య గీసే గీత బాగా కనబడాలని నల్లవి కొన్నా’ అంది.

డాక్టరమ్మ లెక్క ప్రకారం నాకు ఇంకా రెండేళ్లున్నాయి. ఆ బూటు ఈ ఆదివారమే ట్రాకెక్కుతుంది. కనుక నిర్ణయం మార్చుకున్నాను. ఈ వీలునామాకు ఒక సాక్షిగా నా తమ్ముణ్ణే పిలుస్తున్నాను. లోపల ఏముందో సాక్షికి తెలియనక్కర్లేదు, నేను సంతకం చేయడం చూస్తే చాలని లాయరుగారు చెప్పారు. నా సాక్షికి తెలియాలి. మొదటి మాట నుంచి చివరి మాట దాకా నేను పైకి చదివి వినిపించాకే సంతకాలు. మనవరాలికి కూడా ఈ మధ్యాహ్నమే చెబుతాను. అది ఎవరి ఒప్పుదల మీదా ఆధారపడదు.

సినిమాలో నడిపిన కారును నా తమ్ముడికి ఇవ్వాలని నా కోరిక. కానీ సాక్షి సంతకం పెట్టినవాడికి అదే వీలునామా కింద ఏదీ చెందదట. కాబట్టి ఎంచుకోవలసింది అతనే. కారు కావాలంటే సాక్షి సంతకం వేరేవాళ్లు పెడతారు. సంతకం పెడితే కారు నా కూతురికి చెందుతుంది. ఆమె దానిలో పాత ఇంజనే ఉంచుకున్నా, బ్యాటరీ పెట్టుకున్నా ఎవరూ అడగరాదు. రెండూ కాదని అతను లేచి వెళ్లిపోతే, ఆదివారం సినిమాకు ముందు నేనే అందరి ఎదుటా ఇది చదువుతాను. చదవకుండా నన్ను ఆపగలిగేవాళ్లు ఎవరూ లేరు.

క్షమించమని ఈ కాగితంలో ఎక్కడా అడగలేదు, గమనించగలరు. తమ్ముడూ, తిట్టు. కొట్టినా చెయ్యి అడ్డం పెట్టను. కానీ ఒక్కటి నమ్ము. ఆ రోజు నువ్వు కాలెత్తడం పిరికితనం కాదు. మన ఇద్దరిలో పిరికివాణ్ణి నేను.

రెండు వేల ఇరవై నాలుగో సంవత్సరం మార్చి నెల పధ్నాలుగో తేదీ, గురువారం, ఉదయం పదకొండు గంటలకు పై ఎనిమిది అంశాలనూ సాక్షులకు, లాయరుగారికి స్వయంగా చదివి వినిపించి, వారి ఎదుట సంతకం చేశాను. ఆరో అంశం మధ్యలో తమ్ముడు లేచి బయటికి వెళ్లాడు. తిరిగి వచ్చేదాకా ఆగి, ఆ అంశాన్ని మొదటి నుంచి మళ్లీ చదివాను.

(సంతకం)
పానా, రేసు కార్ల మేస్త్రీ

సాక్షులు:

(సంతకం) ట్రాకు డాక్టరమ్మ. రాసినవారు స్పృహలో, స్వస్థచిత్తంతో ఉండగా నా ఎదుట సంతకం చేశారు. అన్నదమ్ములిద్దరికీ రక్తపోటు చూశాను.

(సంతకం) తమ్ముడు, ట్రాకు సంఘం అధ్యక్షుడు. రెండుసార్లు విన్నాను. కారు నాకొద్దు, సంతకమే పెడుతున్నాను. అన్నతో మాట్లాడటం లేదు, మళ్లీ ఎప్పుడు మాట్లాడతానో ఇప్పుడు చెప్పలేను. ఆదివారం ఆరో అంశం అన్న చదవక్కర్లేదు. పిల్ల ముందు నిలబడి నేనే చదువుతాను.