స్పేర్ ట్రాన్స్‌ఫార్మర్‌లో నూనె లేదు

అయ్యా ఏఈ గారూ,

సబ్‌స్టేషన్ వాచ్‌మన్‌ని. ఫోన్లో చెప్పడానికి నోరు రాక రాస్తున్నాను. తుపానుకి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే షెడ్డులోని స్పేర్ పెట్టి ఆసుపత్రికి కరెంటిస్తామన్నారు. దయచేసి దాన్ని ఎక్కించకండి. లోపల నూనె లేదు, కరెంటిస్తే పేలిపోతుంది. ఘాట్ రోడ్డు మీద కొండచరియలు పడకముందే నూనె డ్రమ్ములు పంపించండి. పోలీసులను మాత్రం పిలవకండి.

నిన్న మా అమ్మ కాళ్లు పడుతుంటే ట్రాన్స్‌ఫార్మర్ నూనె వాసన వచ్చింది. షెడ్డుకెళ్లి చూస్తే స్పేర్ ఖాళీగా ఉంది. అడిగితే, “మోకాళ్ల నొప్పికి మంచిదంట్రా. ఊరంతా రాసుకుంటన్నారు, నానొక్కదాన్నేటి?” అంది. షెడ్డు తాళంచెవి మా ఇంట్లో మేకుకే తగిలిస్తాను.

మిగిలిన సీసాడు నూనె నా భార్య కోసం దాచిందట, పురుడయ్యాక నడుముకి రాయడానికి. ఆమెకి నొప్పులు మొదలై ఈ పొద్దుటే ఆ ఆసుపత్రిలోనే చేర్చాం.