ఇంటి ప్లాను ఆలస్యం చేయమని గేముల షాపువాడి మనవి

గృహనిర్మాణ అనుమతుల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: వీడియో గేమ్ కన్సోళ్ళ కంపెనీ యజమాని కట్టుకోబోవు ఇంటికి అనుమతిని వీలైనంత ఆలస్యముగా ఇవ్వవలెనని కోరుట గురించి.

సదరు యజమాని ఇంటి ప్లానును తమరు కార్యాలయపు నోటీసు బోర్డుపై అంటించి, అభ్యంతరములున్నవారు తెలుపవచ్చునని ప్రకటించియున్నారు. నాకున్నవి.

1. నేను మా అత్తగారింటి ముందుగదిలో గేముల షాపు నడుపుకొనుచుంటిని. ఆ గది అత్తగారిది. నా కోసము ఆమె తన మంచమును వంటింట్లోకి మార్చుకొనిరి. ఉన్నవి పాత కన్సోళ్ళే అయినను, బడి వదలగానే ఆడుకోవడానికి వచ్చే పిల్లలతో గుమ్మంలో చెప్పులు విప్పడానికి చోటుండేది కాదు.

2. సదరు కంపెనీవారు తమ కొత్త కన్సోలును మొదట మా షాపులోనే దింపెదమనిరి. షరతు ఒక్కటే, ఇతర కంపెనీల సరుకు షాపులో ఉండరాదు. నమ్మి, ఉన్నవన్నీ అయినకాడికి అమ్మివేసితిని. "కొత్తది వచ్చాక పాతవి తీసేయొచ్చుగా" అని మా ఆవిడ అప్పుడే అంది. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. దాటకముందే తగలేసినవాణ్ణి నేనొక్కణ్ణే.

3. కన్సోలు రాలేదు. వేసవికన్నారు, వానలకన్నారు, చలికాలానికన్నారు. ఒకసారి చిప్పు వేడెక్కుతోందట, ఒకసారి రంగు నచ్చలేదట. వాయిదా పడినప్పుడల్లా కొత్త తేదీతో పోస్టరు మాత్రము ఠంచనుగా వచ్చెడిది. ఒకదానిపై ఒకటి అంటించగా అంటించగా గోడకు పరుపు వేసినట్టయినది. చివరికి ఆ కన్సోలును విడుదల చేయబోమని ప్రకటించిరి. ఆ ముక్కకు పోస్టరు పంపలేదు.

4. అద్దాల బీరువాలో పెట్టుటకు ఒక నమూనా పంపి, దానిని విప్పరాదనిరి. విప్పితిని. బరువు కోసం లోపల ఇసుక సంచీ పెట్టారు. ప్రస్తుతం గాలికి తలుపు కొట్టుకోకుండా దాన్ని అడ్డం పెట్టుకుంటున్నాం. ఆ కంపెనీ సరుకులో పనికొచ్చింది అదొక్కటే.

5. అత్తగారికి దగ్గు పట్టుకుంది. పొయ్యి పక్కన పడుకుంటే తగ్గదని, గాలాడే గది కావాలని డాక్టరమ్మ చెప్పింది.

"ఏం బాబూ, ఆ పెట్టె ఇక రాదా?" అని అడిగారు అత్తగారు.

"రాదండీ."

"పోనీ ఇంకొన్నాళ్ళు చూడండి. నాకిక్కడ బాగానే ఉంది."

ఒక్క తిట్టు తిట్టినా నాకింత మండేది కాదు. నిన్న షాపు ఎత్తేసి ఆవిడ మంచం ముందుగదిలో వేశాను. రేపటినుంచి ఏం చేసుకుని బతకాలో తెలియదు. ఆ కంపెనీ యజమాని మాత్రం మేడ కట్టుకోబోతున్నాడు.

కావున తమరిని కోరునది ఏమనగా, తమ కార్యాలయమునకు వచ్చినవారందరూ పని త్వరగా కావలెనందురు. నేను అట్టివాడను కాను. తమ కార్యాలయమునకు గల పేరు మీద నాకు పూర్తి నమ్మకమున్నది. సదరు ఫైలును అలవాటు చొప్పున నడిపిన చాలును. ఆయనను వచ్చే వారం రమ్మనండి. వస్తే, సంతకం పెట్టాల్సినవారు సెలవులో ఉన్నారనండి. మెట్ల కొలత తప్పనండి, దిద్దుకొస్తే పాత కొలతే బాగుందనండి. కుదరదని మాత్రం చెప్పొద్దు. కుదరదంటే మనిషి ఇంకో దారి చూసుకుంటాడు. అయిపోవచ్చింది, అయిపోవచ్చింది అనాలి. నాకు చేసింది అదే. ఆయన ఉసూరుమంటూ మీ మెట్లు దిగుతుంటే ఎదురుగా కూర్చుని చూస్తాను. నాకిప్పుడు బోలెడు తీరిక.

పై మనవిని తమరు ఎంతమాత్రమూ తొందరపడక చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కన్సోళ్ళు లేని గేముల షాపువాడు

తా.క.: ఈ అర్జీ అత్తగారికి చదివి వినిపించాను. "ఆ ఇంట్లో ఆయన తల్లి కూడా ఉంటుందా?" అని అడిగారు. ప్లానులో ఒక గది మీద 'అమ్మగారికి' అని రాసి ఉందని ఒప్పుకోక తప్పలేదు.

"కిటికీ ఉందా దానికి?"

"రెండున్నాయండీ."

"అయితే ఆ గది జోలికి పోవద్దని రాయండి."

ఆవిడ మాట కాదనలేను. కాబట్టి ఆ ఒక్క గదికీ ఇవాళే అనుమతి ఇచ్చేయండి, ముసలావిడ హాయిగా పడుకుంటుంది. కొడుకు పడకగది సంగతి, మీరు రిటైరయ్యాక వచ్చే ఆఫీసరు చూసుకుంటారు.