పొట్టేలు లాగిన కేబులు

సుధాకరన్నకు,

ఈ పొద్దున పదీ నలభైకి మన బోరులో నీళ్లొచ్చాయి. మోటారు కాలిపోలేదు. నువ్వు ఫోను ఎత్తడం లేదు కాబట్టి రాస్తున్నాను.

"కాలిపోయే మోటారు కొనిచ్చినావు" అని సోమవారం నిన్ను నలుగురిలో అన్నాను. మల్బరీ తోట వాడుతుంటే, షెడ్డులో పట్టుపురుగులు పస్తుంటాయని భయపడ్డాను. మోటారు పైకెత్తడానికి బండి కూడా మాట్లాడాను.

మెకానిక్ ఖాదర్‌వలి ఎత్తనివ్వలేదు. స్టార్టరు దగ్గర మోటారు తీగలు మూడూ విప్పి, బల్బు పెట్టి చూశాడు. ఒక తీగకు వెలగలేదు. కేబులు వెంట చేత్తో తడుముతూ పోయి బోరు పైపు దగ్గర ఆగాడు. అక్కడ తొడుగు కోసి చూస్తే, లోపల రాగి తెగి ఉంది.

"ఈడ పొట్టేలును కట్టేసిందెవరమ్మా?"

"నేనే. పురుగులు తినంగా మిగిలిన ఆకు ఆడే వేస్తా."

"అది ఆకు తిని బలిసి, తాడుతో పాటు కేబులూ లాగుతాండాది. మోటారేం పాపం చేసింది?"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తప్పు నాదే, అన్నా. నీ మోటారు మంచిది. సాయంత్రానికి సగం తోట తడిసింది. మిగతా సగానికి రేపు నీళ్లు.

పొట్టేలును ఆదివారం కోస్తున్నాం. పదకొండింటికల్లా వదినను తీసుకుని రా.

నీ చెల్లెలు