మలుపులో గుడి వద్దు

అన్నయ్యకి,

దుబాయి నుంచి నీ తమ్ముడు కామేశు దండాలు పెట్టి రాస్తున్నాను. నేను బాగున్నాను. అమ్మ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? వదిన దగ్గు తగ్గిందా? వేట సాగుతోందా, లేక తెప్పలు ఇసక మీదే ఉన్నాయా? నేను బాగున్నానన్న మాట అమ్మకి మళ్ళీ మళ్ళీ చదివి వినిపించు, ఒకసారి చెబితే నమ్మదు.

ఇక అసలు సంగతికి వస్తాను. నీ ఉత్తరం అందింది. చదివి అన్నం తినలేదు. బెంగతో కాదు, కోపంతో. మన ఊరి రోడ్డు హైవేలో కలిసే మలుపులో, మన నీలమ్మక్కని లారీ గుద్దేసిన ఆ చోటే, అమ్మవారికి గుడి కడతారా? కమిటీ వేశారట, దానికి నువ్వే పెద్దవట, సిమెంటు కూడా దింపారట. నీకు బుద్ధుందా అన్నయ్యా? పెద్దవాడివి, అనకూడదు. అయినా అంటున్నాను.

ఆ మలుపు సంగతి నీకు తెలీదా? ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చే లారీ జీడితోట దాటేదాకా కనబడదు. ఆటో దిగి, చేపల తట్ట నెత్తికెత్తుకుని, కాశీబుగ్గ బజారుకి వెళ్ళే ఆడవాళ్ళు అక్కడే రోడ్డు దాటాలి. తట్ట నెత్తి మీద ఉంటే మెడ తిరుగుతుందా? ఒళ్ళంతా తిప్పి చూడాలి. చూడ్డానికి తోట పక్కన కాస్త సందు ఉంది కదా, ఇప్పుడు ఆ సందులోనే నువ్వు గోడలు లేపుతున్నావు. అక్క పోయింది సరే, రేపట్నుంచి వదిన ఎటు చూసి దాటాలి? రోజూ దాటేది ఆవిడే కదా!

మనవాళ్ళకి ఇదొక అలవాటైపోయింది. రోడ్డు మీద మనిషి పోతే ఆ చోటు రక్తం కోరుతోందంటారు, రాయి పాతి పసుపు రాస్తారు, కొబ్బరికాయ కొడతారు. మనిషి ఎందుకు పోయిందని మాత్రం ఒక్కడూ అడగడు. అడిగినా ఏం లాభం? ఆ రోజు అక్క వెనకాలే తట్టతో ఉన్న వదిన, పోలీసు ఏమన్నాడో ఫోనులో ఏడుస్తూ చెప్పింది.

"లారీ నంబరు సెప్పమంటాడు కామేశూ. నాకు సదువొచ్చునేటి? ఎనకాల అమ్మోరి బొమ్మ ఉంది బాబూ, అదే సూసాను అన్నాను. అమ్మోరి బొమ్మ నేని లారీ ఉందేటమ్మా, ఎల్లెల్లు అన్నాడు."

విన్నావా అన్నయ్యా? మన అక్కని చంపినవాడు అమ్మవారిని బండి వెనక పెట్టుకునే పారిపోయాడు. ఆ అమ్మవారికే నువ్వు గుడి కడతానంటావు!

ఇక్కడ నా పని ఇదివరకు గోతులు తవ్వడమని రాశాను కదా. ఇప్పుడు నన్ను సిగ్నళ్ళ పనిలోకి మార్చారు. నాలుగు రోడ్లు కలిసే చోట ఇనుప స్తంభం నిలబెట్టి, దాని నెత్తిన కెమెరా పెట్టె బిగిస్తాం. ఎర్ర లైటు ఉండగా ఎవడైనా దూసుకెళ్ళాడా, ఠప్పున మెరుపు మెరుస్తుంది, బండి నంబరుతో ఫొటో పడుతుంది. మొన్న ఒక పెద్ద కారు అలాగే వెళ్ళింది. లోపలున్నది ఎంత పెద్దమనిషో నాకు తెలీదు, ఆ పెట్టెకీ తెలీదు. అది ఎవరి బావమరిదివని అడగదు, టీ డబ్బులకి చెయ్యి చాపదు. ఆ మెరుపు చూడగానే స్తంభం పట్టుకుని ఏడ్చేశాను. ఇలాంటిది ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి మన మలుపులో ఉండి ఉంటే ఆ నంబరు దొరికేది కాదా? వాడు ఇప్పుడు ఎక్కడ టీ తాగుతున్నాడో! ఎండలో పని చేసీ చేసీ చేతులు బొబ్బలెక్కాయి, అదేం నాకు లెక్క కాదు. వాడు తిరుగుతున్నాడన్నదే నాకు మంట.

నాతో పాటు సోంపేట అతను ఒకడున్నాడు. బావా అని పిలుస్తాను. ఇక్కడికి రాకముందు లారీ మీద క్లీనరుగా తిరిగాడట. నాకు ఇక్కడున్న తోడు అతనొక్కడే. ఎండు నెత్తళ్ళు వేయిస్తాడు, ఆ చేపల వాసనకి గదిలో మిగతావాళ్ళు తిట్టుకుంటారు, మేం తింటాం. ఒకరోజు పెట్టె ఎత్తుతుంటే తేలిగ్గా అనిపించింది.

"ఏటి బావా, ఇందల కెమెరా నేదేటి?" అన్నాను.

"అన్నింట్లో ఉండదురా ఎర్రోడా. కెమెరాలు కొన్నే. మారుత్తుంటారు. ఏ పెట్టెలో ఉందో ఎవుడికీ తెల్దు, అందుకే అన్ని కాడా బ్రేకేత్తారు."

అంతకుముందే అతనికి నీ ఉత్తరం చదివి వినిపించి, నిన్ను తిట్టిన తిట్లన్నీ మళ్ళీ తిట్టాను. నా వైపు మాట్లాడతాడనుకున్నాను. అతనేమో నా మీదే లేచాడు.

"నువ్వు ఊరుకోరా. అమ్మోరి గుడి కాడ ఏక్సిలేటరు మీంచి కాలు తియ్యని డ్రైవర్ని నేను సూడనేదు. తాగున్నోడైనా సరే, హారన్ కొట్టి, దండవెట్టి, నెమ్మదిగా ఎల్తాడు. మీ అన్న సేసింది తప్పు కాదు. సోటు తప్పు."

రెండు రోజులు అతను వేయించిన నెత్తళ్ళు ముట్టలేదు. తర్వాత ఆలోచిస్తే నిజమే అనిపించింది. ఇక్కడ ఖాళీ పెట్టెకి భయపడుతున్నారు, అక్కడ అమ్మవారికి భయపడతారు. ఆ భయమేదో మలుపు రాకముందే పుట్టాలి కదా, మలుపులోకి వచ్చి గుద్దేశాక దండం పెడితే ఎవరికి లాభం?

కాబట్టి అన్నయ్యా, గుడి కట్టు. కట్టొద్దనను. మలుపులో మాత్రం వద్దు. ఆ సిమెంటు ఎత్తించి ఇచ్ఛాపురం వైపు తీసుకెళ్ళు, జీడితోట మొదలయ్యే చోట, రోడ్డుకి బాగా ఎడంగా కట్టు. అక్క పడిన చోటు ఖాళీగా ఉండనీ. తోటవాళ్ళని బతిమాలి, మలుపు మీదకి వంగిన జీడికొమ్మలు కొట్టించు. అమ్మవారు తూర్పే చూడాలని పూజారి గొడవ పెడతాడు, నాకు తెలుసు. ఈ అమ్మవారు తూర్పు చూడక్కర్లేదు, లారీలొచ్చే వైపు చూడాలి. కావాలంటే నా పేరు చెప్పి నన్నే తిట్టమను.

గుడి అయిపోయింది కదా అని చేతులు కడుక్కోవద్దు. ఆడవాళ్ళందర్నీ తట్టలతో సహా హైవే వాళ్ళ ఆఫీసు ముందు కూర్చోబెట్టు. లైటు అడగండి, సిగ్నలు అడగండి, కెమెరా అడగండి. చేపల కంపని ముక్కు మూసుకుంటే ఇంకా దగ్గరగా కూర్చోండి. నవ్వుతారు. నవ్వనీ.

బావ సెలవు మీద సోంపేట వస్తున్నాడు. అతని చేతికి అమ్మకి మోకాళ్ళ నూనె, వదినకి ఒక దుప్పటి, ఒక చిన్న పొట్లం ఇచ్చాను. పొట్లం నువ్వే విప్పు. స్తంభాలకి అంటించే మెరుపు కాగితం ముక్కలు అందులో ఉన్నాయి, పనిలో మిగిలిపోతే ఫోర్‌మన్‌ని అడిగి తీసుకున్నాను. చీకట్లో బండి లైటు పడితే నిప్పుల్లా వెలుగుతాయి. అమ్మవారికి కళ్ళు పెట్టే రోజు రంగు వేయించొద్దు, అవి అంటించు. కత్తెరతో నేనే కోశాను. మన అక్క కళ్ళు ఎలా ఉండేవో తలుచుకుని కోశాను. ఒకటి కాస్త పెద్దది వచ్చింది. సరిచేయకు, అలాగే అంటించు.

అమ్మ కాళ్ళకి, వదినకి, ఊళ్ళో పెద్దలందరికీ నా దండాలు. నిన్ను తిట్టినందుకు కొట్టాలనిపిస్తే ఇంటికొచ్చాక కొట్టు, పడతాను. సిమెంటు మాత్రం ఇవాళే ఎత్తించు.

నీ తమ్ముడు,
కామేశు