మార్ఫిన్ అలమర తాళం చెవి

చిన్నీ,

ఇవాళ నీ పుట్టినరోజు. నువ్వు పోయాక కూడా వస్తూనే ఉంది. మీ నాన్న ప్రార్థనలో నీ పేరు చెప్పి, టీ తాగకుండానే డ్యూటీకి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం మేరీ ఆంటీ ఫోన్ చేసింది. సౌదీలో ఇంట్లో తలకింతని ఫ్యామిలీ లెవీ పన్ను పెట్టాక మన ఖోబర్ వదిలేసి, పిల్లలతో ఆస్ట్రేలియా వెళ్లిపోయింది చూడు, నీకు జడలేసే ఆంటీ. తన వార్డులో ఒక పాపకి నీలాగే ఫిట్స్ అట. గంజాయి మొక్కలోంచి తీసిన చుక్కల మందు ఇస్తున్నారట, డాక్టరు చీటీ మీదే.

"అందరికీ పనిచెయ్యదులే వదినా. ఈ పిల్లకి మాత్రం బాగా తగ్గాయి" అంది.

ఆ పాపకి జడలెవరు వేస్తున్నారని అడిగాను.

ఆ మందు సంగతి నీ డాక్టరు అప్పట్లో మాకూ చెప్పాడు. ఇక్కడికి తేవడం నేరమనీ ఆయనే చెప్పాడు. ఆ మాట ఇంట్లో ఎత్తొద్దన్నాడు మీ నాన్న. "ఇకామా పోయి మన దేశానికి పంపేస్తే పంపేశారు, నిన్ను జైల్లో పెడితే పిల్లనెవరు చూస్తారు?" అన్నాడు. ఆయన్నేమనను?

చట్టం వద్దని కాదమ్మా. నొప్పికిచ్చే మార్ఫిన్ కూడా మత్తుమందే, దానికీ చట్టముంది. దాని అలమర ఇద్దరు నర్సులం కలిసి తెరుస్తాం, సంతకాలు పెడతాం, ఖాళీ సీసా కూడా తిరిగి అప్పజెప్తాం. నీ చుక్కల మందునీ అలాగే అందులో పెట్టి తాళం వేసుంటే, ఎవరికేం నష్టం?

ఇవాళ కూడా డ్యూటీ అంతా ఆ తాళం చెవి నా జేబులోనే ఉంది. ఇన్నేళ్లుగా నన్ను నమ్మి దాన్ని నా చేతికిస్తున్నారు, చిన్నీ. నీకు కావలసిందే అందులో లేదు.

అమ్మ